ఐసోలేటర్ కాలిపోయినా పాసే: అణు విద్యుత్ కేంద్రాల్లో ఐసోలేషన్ పరీక్ష

ఐసోలేటర్ అంటే రెండు సర్క్యూట్ల మధ్య సిగ్నల్‌ని దాటనిచ్చి, విద్యుత్ ఫాల్ట్‌ని (లోపాన్ని) మాత్రం ఆపే పరికరం. దాని డేటాషీట్ తెరవగానే చాలామంది వెతికేది ఒక్కటే: "ఐసోలేషన్ 1500 వోల్టులు" అన్న మాట. అది కనబడితే ఫైలు మూసేస్తారు. అణు విద్యుత్ కేంద్రంలో సేఫ్టీ సిగ్నల్‌ని తీసుకెళ్లి మామూలు కంప్యూటర్‌కి ఇచ్చే చోట ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. అసలు సేఫ్టీ సిగ్నల్ మామూలు కంప్యూటర్ దాకా ఎందుకు వెళ్తుందో ముందు చూస్తే మిగతాది సులువవుతుంది.

రియాక్టర్ పీడనం, ప్రెజరైజర్‌లో నీటి మట్టం, కంటైన్‌మెంట్‌లో రేడియేషన్ వంటివాటిని కొలిచే సేఫ్టీ లూపులు (సెన్సర్ రీడింగుని తీసుకెళ్లే సర్క్యూట్లు) క్లాస్ 1ఇ కిందికి, అంటే రియాక్టర్ భద్రతకు అవసరమైన విద్యుత్ పరికరాల వర్గం కిందికి వస్తాయి. వాటికి విడి విద్యుత్ సరఫరా, విడి కేబుల్ మార్గాలు, భూకంప పరీక్షలు ఉంటాయి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ రెండో యూనిట్‌లో ప్రమాదం జరిగినప్పుడు ఆపరేటర్ల ముందు వందకు పైగా అలారాలు మోగాయి. అయినా ప్లాంటు ఏ స్థితిలో ఉందో ఒక్క చోట చూసి తెలుసుకునే వీలు లేకపోయింది. దాంతో ముఖ్యమైన రీడింగులన్నీ ఒకే తెరపై చూపే సేఫ్టీ పారామీటర్ డిస్‌ప్లే సిస్టమ్, వాడుకలో ఎస్‌పీడీఎస్, పెట్టాలని అక్కడి నియంత్రణ సంస్థ ఎన్ఆర్‌సీ అడిగింది. 1982 డిసెంబరులో వచ్చిన జెనరిక్ లెటర్ 82-33, దానికి జోడించిన న్యూరెగ్-0737 సప్లిమెంట్ 1 ఈ అవసరాన్ని ఖరారు చేశాయి. మెలిక ఎక్కడుందంటే, ఈ తెరా దాని కంప్యూటరూ క్లాస్ 1ఇ కానక్కర్లేదు. కాని వాటికి చేరే సిగ్నళ్లలో చాలా భాగం క్లాస్ 1ఇ సెన్సర్ల నుంచే వస్తాయి. కాబట్టి కంప్యూటర్ వైపు ఏం జరిగినా సెన్సర్ వైపుకు పాకకూడదు. ఈ బరువంతా మధ్యలో ఉన్న అరచేతంత ఐసోలేటర్ మీద పడింది.

"తెర దగ్గర ఏం జరుగుతుందిలే" అనుకునేవాళ్లు 1975 మార్చి 22న అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు కేంద్రంలో జరిగిన కేబుల్ అగ్నిప్రమాదం గురించి ఒకసారి చదవాలి. గాలి లీకులు పట్టుకోవడానికి వాడిన కొవ్వొత్తితో మంట మొదలైంది. ఏ హానీ చేయవనుకున్న సూచిక దీపాల వైర్ల ద్వారా కూడా ఆ రోజు షార్టులు సేఫ్టీ సర్క్యూట్లకు దారి వెతుక్కున్నాయి. కేవలం చూపించడానికే ఉన్న సర్క్యూట్‌ని ఎవరూ అంతగా పట్టించుకోరు, ప్రమాదం ఆ దారినే వస్తుంది.

పాస్ అంటే ఏమిటి

క్లాస్ 1ఇ సర్క్యూట్ల స్వతంత్రత గురించిన ఐట్రిపుల్ఈ (ఇంజనీర్ల సంఘం) 384 ప్రమాణం, ఇన్‌స్ట్రుమెంట్ సర్క్యూట్లలో ఐసోలేటర్ అనిపించుకోవడానికి రెండు షరతులు పెడుతుంది. ఒకటి, నాన్-1ఇ (క్లాస్ 1ఇ కాని) వైపు రాగల గరిష్ఠ వోల్టేజీ లేదా కరెంటు పెట్టినా 1ఇ వైపు సర్క్యూట్ పనితనం ఒప్పుకోదగ్గ స్థాయి కంటే దిగజారకూడదు. రెండు, నాన్-1ఇ వైపు షార్టైనా, గ్రౌండైనా, తీగ తెగినా అంతే.

ఈ రెండింటిలో ఎక్కడా ఐసోలేటర్ బతికి ఉండాలని లేదు. అవుట్‌పుట్ వైపు ఐసీలు పేలిపోవచ్చు, రెసిస్టర్లు నల్లబడవచ్చు, ఆ కార్డు చెత్తబుట్టలోకి పోవచ్చు. ఆ క్షణంలోనూ ఆ తర్వాతా ఇన్‌పుట్ వైపు 4–20 మిల్లీఆంప్ లూపు (కొలతని 4 నుంచి 20 మిల్లీఆంపుల కరెంటుగా పంపే సర్క్యూట్) కదలకుండా ఉంటే అది పాస్. దీనికి తలకిందులైనదీ ఉంది. ఐసోలేటర్ నిక్షేపంగా ఉండి, ఫాల్ట్ పెట్టినప్పుడల్లా లూపు కరెంటు ఒక శాతం ఊగితే, దాన్ని పాస్ అనాలంటే ఆ ఒక శాతాన్ని సెట్‌పాయింట్ (రక్షణ చర్య మొదలయ్యే హద్దు) లెక్కలో ముందే భరించి ఉండాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు టెస్టు అయ్యాక "కార్డు పని చేస్తోందా?" అని చూస్తారు. చూడాల్సింది కార్డు కాదు, లూపు.

అందుకే పాస్-ఫెయిల్ హద్దును టెస్టుకు ముందే అంకెల్లో రాసిపెట్టాలి. ఉదాహరణకు హద్దు స్పాన్‌లో (మొత్తం కొలత పరిధిలో) 0.5 శాతం అనుకుందాం. 4–20 మిల్లీఆంప్ లూపుకు స్పాన్ 16 మిల్లీఆంపులు, అందులో 0.5 శాతం అంటే 0.08 మిల్లీఆంప్. లూపులో 250 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కొలిస్తే 20 మిల్లీవోల్టులు. ఫాల్ట్ పెట్టేముందు, పెట్టిన క్షణంలో, పెట్టి ఉంచినంతసేపు, తీసేశాక, అన్ని దశల్లోనూ ఈ 20 మిల్లీవోల్టులు దాటకూడదు. రిపోర్టులో "సేఫ్టీ వైపు ప్రభావం కనిపించలేదు" అని మాత్రమే ఉంటే అది రిపోర్టు కాదు, అభిప్రాయం.

ఎంత పెద్ద ఫాల్ట్?

1500 వోల్టుల హైపాట్ (అధిక వోల్టేజీతో ఇన్సులేషన్ చూసే) టెస్టులో ఇన్‌పుట్ తీగలన్నీ ఒకటిగా, అవుట్‌పుట్ తీగలన్నీ ఒకటిగా కలిపి మధ్యలో వోల్టేజీ పెడతారు. ఇది కామన్ మోడ్. కొన్ని మిల్లీఆంపుల లీకేజీ దాటగానే మీటర్ ట్రిప్ అవుతుంది. వోల్టేజీ ఉంది గాని శక్తి లేదు. ప్లాంటులో జరిగేది వేరు. కేబుల్ ట్రేలో ఇన్సులేషన్ కరిగి, 120 వోల్టుల తీగ వచ్చి ఐసోలేటర్ అవుట్‌పుట్ రెండు టెర్మినళ్ల మధ్య వాలుతుంది. ఇది ట్రాన్స్‌వర్స్ మోడ్. అప్పుడు అవుట్‌పుట్ సర్క్యూట్‌లో పదుల ఆంపియర్లు పారతాయి, ట్రాక్‌లు ఆవిరవుతాయి, ఆ ఆవిరీ బొగ్గూ బోర్డు మీద ఇన్‌పుట్ వైపుకు చిమ్ముతాయి. హైపాట్‌లో దర్జాగా నిలబడ్డ 8 మిల్లీమీటర్ల ఖాళీ ఇప్పుడు నల్లటి వాహక పొర కావచ్చు. ఎస్‌పీడీఎస్ సమీక్షల్లో ఎన్ఆర్‌సీ పదేపదే అడిగిన ప్రశ్న కూడా ఇదే: గరిష్ఠ ఫాల్ట్‌ని ట్రాన్స్‌వర్స్ మోడ్‌లో పెట్టారా, ఆ గరిష్ఠం ఎంతో ఎలా తేల్చారు?

తేల్చడం అంటే డేటాషీట్ చూడడం కాదు, కేబుల్ దారి నడవడం. ఐసోలేటర్ అవుట్‌పుట్ నుంచి కంప్యూటర్ దాకా ఆ కేబుల్ ఏ ట్రేలో పోతుంది, పక్కన ఏ వోల్టేజీలు ఉన్నాయి, క్యాబినెట్ లోపల ఏ టెర్మినళ్ల పక్క నుంచి వెళ్తుంది, ఇవన్నీ రాసుకోవాలి. ఇన్‌స్ట్రుమెంట్ ట్రేలో మాత్రమే పోయినా, చివర కంప్యూటర్ క్యాబినెట్‌లో 120 వోల్టుల ఏసీ సరఫరా ఉంటుంది. స్టేషన్ బ్యాటరీ 125 వోల్టుల డీసీ అయితే ఈక్వలైజ్ చార్జింగ్‌లో (సెల్స్‌ని సమం చేసే చార్జింగ్‌లో) అది 140 వోల్టుల దాకా పోతుంది. టెస్టుకు తీసుకోవాల్సింది 140. ట్రేలో 480 వోల్టుల కేబుల్ తోడుగా ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది.

కరెంటు కూడా లెక్కతోనే. 16 గేజ్ రాగి తీగ 100 మీటర్లు వెళ్లి వెనక్కి రావడానికి సుమారు 2.6 ఓమ్‌లు. 120 వోల్టులు అందులో పడితే 45 ఆంపియర్ల దాకా వస్తాయి. ల్యాబులో 2 ఆంపియర్ల వేరియాక్‌తో (వోల్టేజీ మార్చగల ట్రాన్స్‌ఫార్మర్‌తో) "120 వోల్టులు పెట్టాం" అంటే అవుట్‌పుట్ షార్టైన మరుక్షణం దాని వోల్టేజీ కూలిపోతుంది, ఐసోలేటర్ చూసింది 120 కాదు. సోర్స్‌కి కావలసినంత సత్తా ఉందా అని టెస్టుకు ముందే ఒక లోడ్ పెట్టి చూడాలి. ఫాల్ట్ సమయంలో సోర్స్ వోల్టేజీ, కరెంటు రెండూ రికార్డు చేయాలి.

గరిష్ఠ కరెంటు ఒక్కటే గడ్డు కేసు కాదన్నది తరచు మరిచిపోయే సంగతి. 20 ఆంపియర్ల బ్రేకర్ వెనక నుంచి 45 ఆంపియర్లు వస్తే ఎంతోకొంత సేపటికి బ్రేకర్ పడుతుంది. అదే 15 ఆంపియర్లు వస్తే పడదు, వేడెక్కుతూనే ఉంటుంది. కాబట్టి బ్రేకర్ హద్దుకు కాస్త కింద ఒక టెస్టు విడిగా చేయాలి, పరిస్థితి స్థిరపడేదాకా ఆపకూడదు. ఏసీ, డీసీ రెండూ చేయాలి. ఏసీ ఆర్క్ ప్రతి అర్ధ సైకిల్‌కీ సున్నా దగ్గర ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీకి ఆ వెసులుబాటు లేదు, వోల్టేజీ దాదాపు అదే అయినా బోర్డుని ఎక్కువగా కాల్చేది అదే.

ఫ్యూజు గురించి ఇక్కడే చెప్పాలి. చాలా రిపోర్టుల్లో కథ ఇలా ఉంటుంది: ఫాల్ట్ పెట్టాం, అవుట్‌పుట్ ఫ్యూజు ఎగిరిపోయింది, ఇన్‌పుట్ మీద ప్రభావం లేదు, పాస్. నిజానికి అక్కడ పాసైంది ఫ్యూజు. అడ్డుగోడ మీద ఫాల్ట్ కొన్ని మిల్లీసెకన్లే నిలిచింది. దాన్ని ఒప్పుకోవచ్చు గాని ఆ ఫ్యూజు ఇక ఐసోలేషన్‌లో భాగం. దాని మోడల్, రేటింగ్ రెండూ నియంత్రణలో ఉండాలి. 1/16 ఆంపియర్ ఫ్యూజుతో టెస్టు చేసిన కార్డులో మెయింటెనెన్స్ వాళ్లు 1 ఆంపియర్ ఫ్యూజు వేస్తే ఆ రిపోర్టు ఆ కార్డుకి వర్తించదు. నా మటుకు, ఫ్యూజు తీసి తీగతో కలిపి ఒకసారైనా టెస్టు చేయని ఐసోలేటర్‌ని నమ్మడం కష్టం.

కొలిచేటప్పుడు

టెస్టు బల్ల మీద అమరిక ఇలా ఉంటుంది. ఇన్‌పుట్ వైపు నిజమైన లూపులో ఉన్నట్టే సరఫరా, ట్రాన్స్‌మిటర్ (కొలతని కరెంటుగా మార్చే పరికరం) స్థానంలో కరెంటు సోర్స్, 250 ఓమ్‌ల రెసిస్టర్. లూపుని మధ్యలో, అంటే 12 మిల్లీఆంపుల దగ్గర ఉంచితే ఊగడం ఏ వైపుకైనా కనబడుతుంది. అవుట్‌పుట్‌కి ముందుగా ఓపెన్, తర్వాత షార్ట్, ఒక్కో తీగని గ్రౌండ్‌కి, ఆ తర్వాత సర్జ్ (క్షణకాలపు అధిక వోల్టేజీ), చిట్టచివర గరిష్ఠ ఫాల్ట్. ఈ వరుస మారిస్తే మొదటి దెబ్బకే కార్డు పోతుంది, మిగతావి చేయడానికి ఇంకో నమూనా కావాలి.

ఓసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పు ఇక్కడ పెద్ద ముప్పు. మామూలు స్కోప్ క్లిప్పు దాని ప్లగ్గు ద్వారా భూమికి కలిసి ఉంటుంది. దాన్ని లూపు నెగటివ్‌కి తగిలిస్తే తేలియాడాల్సిన సేఫ్టీ వైపుని మనమే గ్రౌండ్ చేసినట్టు. ఉన్న లోపం మాసిపోవచ్చు, లేని దారి పుట్టవచ్చు. రెండు చానళ్లలో ఒకటి ఇన్‌పుట్‌కి, ఒకటి అవుట్‌పుట్‌కి పెడితే ఇంకా ఘోరం. రెండు క్లిప్పులూ స్కోప్ లోపల ఒకటే కాబట్టి ఐసోలేటర్‌ని పూర్తిగా దాటేసే తీగ వేసినట్టే. డిఫరెన్షియల్ ప్రోబులు గానీ, బ్యాటరీ మీద నడిచే విడివిడి రికార్డర్లు గానీ వాడాలి. నిమిషానికో బిందువు పెట్టే చార్ట్ రికార్డర్‌కి 5 మిల్లీసెకన్ల గెంతు కనబడదు, కాని లూపు చివరి బైస్టేబుల్‌కి (హద్దు దాటితే ట్రిప్ ఇచ్చే స్విచ్‌కి) కనబడవచ్చు. దాని అవుట్‌పుట్ లాచ్ అయ్యే (తనంతట వెనక్కి రాని) రకమైతే గెంతు పోయినా ట్రిప్ నిలిచిపోతుంది.

నెమ్మది ఫాల్టుల్లో ఏమీ కనబడని ఐసోలేటర్ సర్జ్‌లో ఎందుకు చిక్కుతుందో చిన్న లెక్క చూపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు చుట్ల మధ్య 10 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకోండి. 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్ దగ్గర అందులోంచి పారేది 0.45 మైక్రోఆంప్, లెక్కలోకి రాదు. అదే 2500 వోల్టుల శిఖరంతో 1 మెగాహెర్ట్‌జ్ డోలన సర్జ్ వస్తే సుమారు 0.16 ఆంపియర్. అంటే 16 మిల్లీఆంపుల స్పాన్‌కి పది రెట్లు. గోడ తెగలేదు, అయినా సిగ్నల్ చెదిరింది. ఆ కరెంటు లూపు దాకా రాకుండా ఇన్‌పుట్ వైపు ఫిల్టర్, చుట్ల మధ్య షీల్డ్ దారి మళ్లించాలి. షీల్డ్ టెర్మినల్‌ని ఎక్కడా కలపకుండా వదిలేసిన కార్డులు ఈ టెస్టులోనే దొరికిపోతాయి.

గోడ బాగుంది, పక్కన సందు ఉంది

ఐసోలేటర్‌కి రెండు కాదు, మూడు ద్వారాలు: ఇన్‌పుట్, అవుట్‌పుట్, పవర్. అవుట్‌పుట్ భాగం, ఇన్‌పుట్ భాగం ఒకే 24 వోల్టుల సరఫరా మీద నడుస్తుంటే, అవుట్‌పుట్ మీద పడ్డ ఫాల్ట్ ఆప్టోకప్లర్‌ని (కాంతి ద్వారా సిగ్నల్ దాటించే అడ్డుగోడని) ముట్టకుండా సరఫరా తీగల గుండా ఇన్‌పుట్‌కి వస్తుంది. 1ఇ ఐసోలేటర్‌కి 1ఇ సరఫరానే ఇవ్వాలన్న నియమం ఇందుకే. ఆ సరఫరా నుంచి అదే రాక్‌లోని మిగతా కార్డులు కూడా తింటుంటే, ఒక కార్డు పవర్ వైపు షార్టైనప్పుడు పక్క కార్డుల సరఫరా వోల్టేజీ ఎంత పడుతుందో కూడా కొలవాలి. ఒంటరి కార్డుతో చేసిన టెస్టులో ఇది ఎప్పటికీ బయటపడదు.

రిలేల విషయంలో కాయిల్‌కి కాంటాక్ట్‌కి మధ్య పరీక్షించి ఊరుకుంటారు. ఒకే రిలేలో ఒక కాంటాక్ట్ 1ఇ సర్క్యూట్‌లో, పక్క కాంటాక్ట్ అలారం సర్క్యూట్‌లో ఉంటే అసలు గోడ కాంటాక్ట్‌కి కాంటాక్ట్‌కి మధ్య ఉన్నది. దాన్నీ అదే ఫాల్ట్‌తో పరీక్షించాలి.

మిగతా సందులు క్యాబినెట్ తలుపు తీస్తే కళ్లకు కనబడేవే. ఇన్‌పుట్ తీగలు, అవుట్‌పుట్ తీగలు అందంగా ఒకే కట్టగా కట్టి ఉంటాయి. లోపల గోడ ఎంత గట్టిదైనా ఆ కట్టలో ఒక్క మంట చాలు. ప్యానెల్ లోపల 6 అంగుళాల దూరం, లేకపోతే మధ్యలో అడ్డు, అన్న పాత నియమం ఇలాంటిచోటే పనికొస్తుంది. కేబుల్ షీల్డ్ రెండు చివరలా గ్రౌండై ఐసోలేటర్‌ని దాటేస్తూ ఉంటుంది. కాలిబ్రేషన్ కోసం పెట్టిన టెస్ట్ జాక్ నుంచి ఒక తీగ బయటి రికార్డర్‌కి శాశ్వతంగా వెళ్లి ఉంటుంది. హైపాట్ కోసం ఊడదీసిన సర్జ్ అరెస్టర్లు మళ్లీ పెట్టి ఉండరు.

ఎస్‌పీడీఎస్‌కే ప్రత్యేకమైన చిక్కు మరొకటి. ఒకే కొలతని విడివిడిగా కొలిచే నాలుగు రక్షణ చానళ్ల సిగ్నళ్లూ చివరికి ఒకే కంప్యూటర్ క్యాబినెట్‌కి చేరతాయి. అక్కడ ఒక్క మంట లేస్తే నాలుగు చానళ్ల ఐసోలేటర్ల మీదా ఒకేసారి ఫాల్ట్ పడుతుంది. కాబట్టి "ఒక చానల్ కాస్త చెదిరినా మిగతా మూడూ ఉన్నాయిగా" అన్న వాదన ఇక్కడ చెల్లదు. చెదిరేది నాలుగూ కలిసే, అదీ ఒకే దిశలో కావచ్చు.

ప్లాంటులో చూడగలిగేది

గరిష్ఠ ఫాల్ట్ టెస్టు వస్తువుని నాశనం చేస్తుంది కాబట్టి అది నమూనాల మీద, ల్యాబులో, ఒకసారి. వేడి, వయసు, భూకంపం తాలూకు అర్హత పరీక్షలు కూడా అక్కడే. ప్లాంటులో చేయాల్సింది అక్కడున్న వస్తువు ఆ నమూనాకి సరిసమానమేనని తేల్చడం: మోడల్, బోర్డు రివిజన్, ఫ్యూజు రేటింగ్, సరఫరా ఎక్కడి నుంచి, షీల్డ్ ఎక్కడ గ్రౌండైంది, తీగల మధ్య ఎడం. తయారీదారు ఆప్టోకప్లర్‌ని మరో రకంతో మార్చి పాత మోడల్ నంబరే ఉంచడం అరుదేమీ కాదు. అందుకే రివిజన్ అక్షరం దాకా చూడాలి.

పనితీరు పరీక్ష కూడా కొంత వీలవుతుంది. ఒకసారికి ఒక్క చానలే, అదీ బైపాస్‌లో (ట్రిప్ లెక్కలోంచి తప్పించి) పెట్టాకే. నాలుగింట రెండు లాజిక్ (నాలుగు చానళ్లలో రెండు కోరితే ట్రిప్) అప్పుడు మూడింట రెండుగా నడుస్తుంది, దానికి ఎంత సమయం ఉందో ప్లాంటు లైసెన్సులోని టెక్నికల్ స్పెసిఫికేషన్స్ చెబుతాయి. సిమ్యులేటర్‌తో 12 మిల్లీఆంపులు ఇచ్చి, అవుట్‌పుట్ టెర్మినళ్ల దగ్గర ఓపెన్, షార్ట్, గ్రౌండ్ చేసి ఇన్‌పుట్ చూడాలి. ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూడాలనుకుంటే కేబుల్‌ని రెండు చివరలా విప్పాకే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టాలి. స్లైడింగ్ లింక్ (టెర్మినల్ దగ్గర సర్క్యూట్‌ని విప్పే జారుడు పట్టీ) తెరిచానని అనుకుని తెరవకుండా మెగ్గర్ తిప్పితే ట్రాన్స్‌మిటర్ ఎలక్ట్రానిక్స్ పోతాయి. లింకు తెరిచి ఉందని ముందు మల్టీమీటర్‌తో తేల్చుకుంటే సరిపోతుంది.

ఆప్టికల్ ఫైబర్ వేస్తే ఈ తలనొప్పులన్నీ పోతాయని ఒక నమ్మకం. కేబుల్ లోపల లోహపు కవచం గానీ బలానికి పెట్టిన ఉక్కు తీగ గానీ లేకపోతే విద్యుత్ పరంగా అది నిజమే. ఫాల్ట్ రాదు గాని డేటా రావచ్చు. కంప్యూటర్ నుంచి సేఫ్టీ ప్రాసెసర్‌కి "అందింది" అన్న జవాబు తిరిగి వస్తుంటే, జవాబు రాకపోయినా చెడ్డ జవాబొచ్చినా సేఫ్టీ వైపు ఆగిపోతుందా అన్నది కొత్త ప్రశ్న. పంపే ఫైబర్ ఒక్కటే ఉంచి స్వీకరించే పోర్టే లేకుండా చేస్తే జవాబు తేలిక. రెండో ఫైబర్ ఊరికే "స్పేర్" అని కలిపి ఉందేమో పోర్టు దగ్గరికెళ్లి చూడాలి, డ్రాయింగ్ చూసి ఊరుకోకూడదు.

ఇక ఒకసారి పాసైన ఐసోలేటర్ ఎప్పటిదాకా పాస్? లెక్కకు పునాది కేబుల్ దారి కాబట్టి ఆ దారిలో మార్పు వచ్చేదాకా. 120 వోల్టులే ఉన్న క్యాబినెట్‌లోకి రేపు ఎవరైనా 480 వోల్టుల సరఫరా తెస్తే, ఐసోలేటర్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా దాని టెస్టు చెల్లదు. అందుకే కేబుల్ మార్పుల ఫారంలో "ఈ ట్రేలో లేదా క్యాబినెట్‌లో 1ఇ ఐసోలేటర్ అవుట్‌పుట్ ఉందా? ఉంటే దాని గరిష్ఠ ఫాల్ట్ లెక్క ఎంత?" అన్న గడి ఉండాలి. దాన్ని కొత్త కేబుల్ లాగకముందే నింపాలి.